ఓటు ఇంటికొచ్చింది... సూదికి దారి దొరకలేదు

జమ్మికుంట వైపు ఏ ఊళ్లో నలుగురు దివ్యాంగులు కలిసినా ఒకటే ముచ్చట: పింఛన్ ఎప్పుడు పెరుగుతుంది? నాయకులు మాట్లాడేదీ దాని గురించే. చట్టం రాసిచ్చిన మరో హక్కు మాత్రం ఎవరి నోటా వినపడదు. దవాఖాన లోపలికి పోయే హక్కు, సూది వేయించుకునే హక్కు అది. కరోనా కాలంలో ఆ లోటు ఎంత లోతుగా ఉందో తేలింది. ఆ తర్వాత అందరూ మరచిపోయారు.

పత్తి సీజన్‌లో జమ్మికుంట రోడ్డు మీద చేతితో తిప్పే ట్రైసైకిల్ నడపడమంటే ఏటికి ఎదురీదడమే. ముందు పత్తి ట్రాలీ, వెనక పత్తి ట్రాలీ. మార్కెట్ యార్డుకు పోయే బండ్లన్నీ హారన్ కొడుతుంటాయి. పక్కకు జరుగుదామంటే రోడ్డు అంచున కంకర. యాభై దాటిన ఆ మనిషి దవాఖాన గేటు దాకా వచ్చేసరికి అంగీ వీపుకు అతుక్కుపోయింది. మూడు రోజుల నుంచి జ్వరం. వెనక నుంచి నెట్టుకుంటూ వచ్చిన భార్య కొంగుతో ముఖం తుడుచుకుంది.

గేటు దాటితే మూడు మెట్లు. పక్కన ర్యాంపు ఉంది, దాని మీద రెండు బైకులు నిలబెట్టి ఉన్నాయి. బైకులు తీసినా లాభం లేదు. ట్రైసైకిల్ రోడ్డు మీద తిరగడానికి చేసిన బండి, తలుపులో పట్టదు. వీల్‌చైర్ ఉంది కానీ స్టోర్ రూములో ఉంది. తాళంచెవి ఉన్నాయన భోజనానికి పోయాడు. భార్యే లైన్లో నిలబడి చీటీ రాయించింది.

"పేషెంట్ ఏడమ్మా?"

"బయట బండి మీద ఉన్నడు సార్."

"చూడకుంట మందులెట్ల రాయాలె? లోపటికి తీస్కరా."

డాక్టర్ అన్నదాంట్లో తప్పేమీ లేదు. చూడకుండా రాస్తేనే తప్పు. బయట ఆయన సీటు కింద నుంచి రెండు హవాయి చెప్పులు తీసి చేతులకు తొడుక్కున్నాడు. అప్పుడే ఫినాయిల్‌తో తుడిచిన గచ్చు మీద చేతులు ముందు, కాళ్లు వెనక. లైన్లో ఉన్నవాళ్లు జరిగి దారిచ్చారు. కొందరు చూపు తిప్పుకున్నారు. చీటీ మీద బరువు రాసే గడిలో ఒక అంకె పడింది. బరువు చూసే మిషన్ మీద ఆయన నిలబడలేడు కాబట్టి అది అంచనా.

ఆ దవాఖాన పేరు ఇక్కడ రాయనక్కర్లేదు. ఎవరికి వారు తమ ఊరి పేరు వేసుకుని చదువుకోవచ్చు.

"కాలు పోయిందే సూదితోని"

మందులు రాసిన డాక్టర్ ఒక ఇంజెక్షన్ కూడా వేద్దామంటే ఆయన వద్దన్నాడు. "చిన్నప్పుడు జరమొస్తె సూదేసిన్రు. తెల్లారేసరికి కాలు చచ్చువడ్డది. నాకు గోలీలు చాలు సార్."

ఉత్తర తెలంగాణ పల్లెల్లో పోలియో వచ్చిన ఏ ఇంట్లో అడిగినా ఈ కథే చెబుతారు. చదువుకున్నవాళ్లు దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేస్తారు. తొందరపడి నవ్వకూడదు. పోలియో వైరస్ ఒంట్లో చేరి జ్వరం వచ్చిన సమయంలో కండరానికి ఇంజెక్షన్ ఇస్తే, ఆ కాలికే పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుందని వైద్యులు గత శతాబ్దంలోనే గుర్తించారు. ఊళ్లో ఏ జ్వరానికైనా సూదే మందు అనుకునే రోజులవి. వైరస్ చేసిన పనిని తల్లిదండ్రులు సూది ఖాతాలో రాసుకున్నారు. వాళ్లు అనుకున్నది పూర్తిగా నిజం కాదు, అలాగని పూర్తిగా అబద్ధమూ కాదు.

దేశంలో విస్తృత టీకా కార్యక్రమం మొదలైంది 1978లో. నోటి చుక్కలు అందులో మరుసటి ఏడాది చేరాయి. సార్వత్రిక టీకా కార్యక్రమం 1985లో, పల్స్ పోలియో 1995లో వచ్చాయి. ఈ ప్రాంతంలో ఇవాళ నలభై అయిదు నుంచి అరవై ఏళ్ల మధ్య ఉన్న పోలియో బాధితుల్లో చాలామంది, చుక్కలు తమ ఊరికి చేరకముందే పుట్టినవాళ్లు. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియోరహితంగా ప్రకటించారు. మిఠాయిలు పంచుకున్నారు, పంచుకోవాల్సిందే. అప్పటికే కాళ్లు పోగొట్టుకున్న తరం మాత్రం ఆ వార్తను ట్రైసైకిల్ మీద కూచుని విన్నది.

మొదటి టీకా అందక వికలాంగులైన మనుషులే, నలభై ఏళ్ల తర్వాత మరో మహమ్మారి వచ్చినప్పుడు మళ్లీ వరుస చివర నిలబడాల్సి వచ్చింది. అసలు వరుస దాకా రాగలిగితే కదా!

ఆ ఎనిమిది నెలలు

కరోనా కరీంనగర్‌కు కొత్త చుట్టమేమీ కాదు. 2020 మార్చిలో ఇండోనేషియా నుంచి వచ్చిన బృందానికి పాజిటివ్ అని తేలగానే, రాష్ట్రంలో అందరికంటే ముందు ఇంటింటి సర్వే చూసిన పట్టణం అదే. వైద్య బృందాలు తలుపు తలుపు తట్టాయి. జమ్మికుంట ఉన్న హుజూరాబాద్ నియోజకవర్గానికి అప్పటి ఎమ్మెల్యే ఈటల రాజేందరే ఆనాటి ఆరోగ్యశాఖ మంత్రి. టీకా విషయానికొస్తే, భారత్ బయోటెక్ కొవాగ్జిన్ తయారుచేసిన జీనోమ్ వ్యాలీ హైదరాబాద్ శివార్లలోనే ఉంది. జమ్మికుంటలో రైలెక్కితే కాజీపేట మీదుగా సగం పూట ప్రయాణం. మంత్రి మనవాడే, టీకా కూడా మన దగ్గరిదే.

2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. మార్చి 1 నుంచి అరవై దాటినవారికి, 45 దాటి ఇరవై రకాల జబ్బుల్లో ఏదో ఒకటి ఉన్నవారికి ఇచ్చారు. ఆ ఇరవైలో చివరన ఎక్కువ సాయం అవసరమైన దివ్యాంగులను, కండరాల క్షీణత ఉన్నవాళ్లను చేర్చారు. కాగితం మీద బాగానే ఉంది. అయితే డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, దానికి దవాఖానకు పోవాలి. కండరాల క్షీణత ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ జాబితాలో జబ్బు పేరుంది కానీ వయసు చాలలేదు. కనీసం మే 1 దాకా ఆగాల్సి వచ్చింది. ఆనాటికి రెండో దశ ఉధృతి మంచి ఊపులో ఉంది.

ఇక టీకా నమోదుకు పెట్టిన కోవిన్ పోర్టల్. చూపున్నవాళ్లకే స్లాట్ దొరకడం గగనమైన రోజులవి. చూపు లేనివాళ్లు ఫోన్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నిస్తే అక్షరాలు గుర్తుపట్టమనే క్యాప్చా దగ్గరే ఆగిపోయారు, దానికి ఆడియో లేదు. ఎన్ని స్లాట్లు ఖాళీగా ఉన్నాయో తెలిసే దారి లేదు. 2021 మే 31న సుప్రీంకోర్టు తన ఉత్తర్వులో ఈ లోపాలను వరసగా ప్రస్తావించింది. వినపడనివాళ్ల తిప్పలు వేరు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకునేవాళ్లకు మాస్కు అడ్డమొచ్చింది. టోకెన్ నంబర్ పిలిచినా తెలియక పొద్దంతా కూచున్నవాళ్లు ఉన్నారు.

ఇంటికి దగ్గరలో, కమ్యూనిటీ హాళ్లలో, బడుల్లో కేంద్రాలు పెట్టాలని కేంద్రం మే 27న మార్గదర్శకాలిచ్చింది. వృద్ధులను, దివ్యాంగులను దృష్టిలో పెట్టుకునే ఇచ్చింది. మంచిదే. కానీ మంచం దిగలేనివాళ్లకు పక్కవీధి బడి కూడా దూరమే. ఇంటికే వచ్చి టీకా వేస్తామన్న మాట సెప్టెంబర్ 23న వచ్చింది, అదీ ఎవారా ఫౌండేషన్ అనే సంస్థ సుప్రీంకోర్టు గడప ఎక్కాక. నవంబర్ 3న ఇంటింటి టీకా ప్రచారం 'హర్ ఘర్ దస్తక్' మొదలైంది. జనవరి నుంచి సెప్టెంబర్‌కు ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల మధ్యలోనే రెండో ఉధృతి వచ్చింది, ఊళ్లను ఊడ్చింది, పోయింది.

ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఇంటింటి ప్రచారం మొదలయ్యాక ఏఎన్ఎంలు, ఆశాలు పొలాల గట్ల మీద పత్తి ఏరేవాళ్ల దగ్గరికి కూడా పోయి సూదులు వేశారు. 2022 ఆరంభంలో రెండో డోసు నూరు శాతం పూర్తిచేసిన తొలి జిల్లాగా రాష్ట్రంలో కరీంనగర్ పేరు మారుమోగింది. ఆ గొప్ప వాళ్లదే. అయితే ఈ శాతాలు జనాభా అంచనాల మీద కట్టినవి. బయటి జిల్లాల నుంచి వచ్చి వేయించుకున్నవాళ్లూ ఆ లెక్కలో కలుస్తారు కాబట్టి అంకె నూరు దాటినా, ఒక ఇంట్లో ఒక మనిషి మిగిలిపోయి ఉండవచ్చు. కోవిన్‌లో పేరు చెప్పుకునేటప్పుడు పుట్టిన ఏడు అడిగారు, ఆడా మగా అడిగారు, కార్డు నంబర్ అడిగారు. నడవగలవా, చూడగలవా అని మాత్రం మొదట్లో అడగలేదు. అడగని సంగతికి లెక్క ఎక్కడి నుంచి వస్తుంది?

> చట్టంలో ఏముంది?
>
> దివ్యాంగుల హక్కుల చట్టం 2016 డిసెంబర్‌లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇప్పుడు 21.
>
> సెక్షన్ 25 మూడు సంగతులు చెబుతోంది. దగ్గర్లోనే, ముఖ్యంగా పల్లెల్లో, ఆదాయ పరిమితికి లోబడి ఉచిత వైద్యం. ప్రభుత్వ, ప్రైవేటు దవాఖానల్లో ప్రతి గదికీ అడ్డంకి లేని దారి. చూడటంలో, చికిత్సలో ముందు వరుస.
>
> సెక్షన్ 8 ప్రకారం విపత్తుల్లో దివ్యాంగులకు సమాన రక్షణ ఇవ్వాలి.
>
> చట్టాన్ని మీరితే మొదటిసారి రూ.10 వేల దాకా, మళ్లీ మీరితే రూ.50 వేల నుంచి రూ.5 లక్షల దాకా జరిమానా.

ఎన్నికలొస్తే తెలిసే దారి

ఇంటికి పోవడం ప్రభుత్వానికి చేతకాదా అంటే, బ్రహ్మాండంగా చేతనవును. సాక్ష్యం ఈ నియోజకవర్గమే.

ఈటల రాజీనామాతో 2021 అక్టోబర్ 30న హుజూరాబాద్ ఉప ఎన్నిక జరిగింది. దేశమంతా ఇటే చూసింది. పోలింగ్ 86 శాతం దాటింది. హుజూరాబాద్, జమ్మికుంట, వీణవంక, ఇల్లందకుంట, కమలాపూర్ మండలాల్లో ఆ నెలలో తట్టని తలుపు లేదు. దివ్యాంగులు, ఎనభై దాటినవాళ్లు ఫారం 12-డి నింపి ఇస్తే బ్యాలెట్ పేపరే ఇంటికి వచ్చే ఏర్పాటు ఎన్నికల సంఘం చేసింది. కేంద్రానికి వచ్చి ఓటేస్తామన్నవాళ్లకు ర్యాంపు, వీల్‌చైర్, తోసుకుపోయే వాలంటీర్. ఓటరు జాబితాలో ఎవరు దివ్యాంగులో ముందే గుర్తు పెట్టుకుంటారు కాబట్టి ఏ బూత్‌కు ఎన్ని వీల్‌చైర్లు కావాలో అధికారులకు తెలుసు.

పోలింగ్ కేంద్రం చాలా ఊళ్లలో బడే. అదే బడిలో ఐదారు నెలల ముందు టీకా శిబిరం పెట్టినప్పుడు ఆ వీల్‌చైర్ ఏమైంది? ఓటు వేయించే వ్యవస్థ దగ్గర పేరు, ఇల్లు, వైకల్యం వివరం ఉన్నాయి. సూది వేసే వ్యవస్థ దగ్గర లేవు. తేడా అంతా అక్కడుంది. ఓటు విలువ, ప్రాణం విలువ అంటూ పోలిక తెచ్చి ఉపన్యాసం దంచడం నాకిష్టం లేదు. జాబితా ఉన్నచోట పని జరిగింది, లేనిచోట జరగలేదు. అంతే.

అంగుళానికి అడుగు

ర్యాంపు అనగానే సిమెంటుతో ఏటవాలుగా పోసేస్తే సరిపోతుందనుకుంటారు. ఒక అంగుళం ఎత్తుకు కనీసం పన్నెండు అంగుళాల పొడవు ఉండాలన్నది నియమం. ఆరంగుళాల మెట్లు మూడుంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. మన దవాఖానల ముందు అంత జాగా వదలరు. నాలుగైదడుగుల్లో తేల్చేస్తారు. దాని మీద బైకు ఎక్కుతుంది, స్ట్రెచర్‌ను ఇద్దరు పట్టుకుంటే ఎక్కుతుంది. ఒంటరిగా వచ్చిన వీల్‌చైర్ వెనక్కి తిరగబడుతుంది.

పాత ప్రభుత్వ భవనాలన్నీ అయిదేళ్లలో సరిచేయాలని చట్టం గడువు పెట్టింది. నిబంధనలు వచ్చింది 2017 జూన్‌లో. గడువు 2022 జూన్‌లో ముగిసింది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు అసలు కిటుకు పట్టుకుంది. చట్టం 'తప్పనిసరి' అంటుంటే, దాని కింద రాసిన 15వ నిబంధన మార్గదర్శకాలను సలహాల్లా మార్చేసిందని, అది చెల్లదని చెప్పింది. తప్పక పాటించాల్సిన ప్రమాణాలు విడిగా రాయమని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారుచేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వారి వికలాంగుల అధ్యయన కేంద్రమే.

లోపలికి పోయాక

మెట్లు దాటితే కథ అయిపోదు. సెరెబ్రల్ పాల్సీ ఉన్న పదేళ్ల పిల్లను చంకనేసుకుని తిరిగే తల్లిని అడగండి. చిన్నప్పుడు వేయాల్సిన టీకాలు సగం ఆగిపోయి ఉంటాయి. "ఫిట్స్ ఉన్నయి కదా, సూది వద్దు" అని ఎవరో అంటారు, ఇంట్లోవాళ్లూ భయపడతారు. వైద్యం చెప్పేది వేరు. నరాల సమస్య రోజురోజుకూ ముదురుతుంటేనో, ఫిట్స్ అదుపులో లేకుంటేనో కోరింత దగ్గు టీకా విషయంలో డాక్టర్ ఆలోచిస్తారు. స్థిరంగా ఉన్న సెరెబ్రల్ పాల్సీకి, డౌన్ సిండ్రోమ్‌కు టీకాలు ఆపాల్సిన పనిలేదు. మింగడం కష్టమై ఊపిరితిత్తుల్లోకి నెమ్ము చేరే ఈ పిల్లలకు న్యుమోనియా, ఫ్లూ టీకాలు ఇంకా ఎక్కువ అవసరం. తట్టు–రుబెల్లా టీకా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గర్భంలో ఉండగా రుబెల్లా సోకితే బిడ్డకు చెవుడు, కంటిలో శుక్లాలు, గుండె జబ్బు రావచ్చు. ఆ టీకా వేసేది అందుకు కూడా.

ఆడవాళ్ల సంగతి ఇంకా బయటికి రాదు. కాన్పు బల్ల నడుమెత్తు ఉంటుంది. కాళ్లు లేని మనిషిని దాని మీదికి ఎత్తేది ఎవరు? వినపడని ఆడమనిషి తన ఇబ్బంది సైగలతో చెప్పుకోవాలంటే అత్తనో ఆడబిడ్డనో పక్కన ఉండాలి. కొన్ని మాటలు వాళ్ల ముందు చెప్పగలిగేవి కావు. దివ్యాంగ స్త్రీల పునరుత్పత్తి ఆరోగ్యం గురించి అదే సెక్షన్ 25లో రాసి ఉందని ఎంతమంది డాక్టర్లకు తెలుసో!

> మిగతా లోకం
>
> ప్రపంచంలో 130 కోట్ల మందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. కొందరు మిగతావాళ్లకంటే 20 ఏళ్ల దాకా ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబర్‌లో తేల్చింది.
>
> ఇంగ్లండ్‌లో 2020 జనవరి–నవంబర్ మధ్య కరోనాతో చనిపోయిన ప్రతి పది మందిలో ఆరుగురు దివ్యాంగులే. 2021 ఫిబ్రవరిలో అక్కడ ఫ్యామిలీ డాక్టర్ల దగ్గర ఉన్న మేధోవైకల్య రిజిస్టర్‌లోని పెద్దవాళ్లందరినీ టీకా ముందు వరుసలోకి తెచ్చారు. రిజిస్టర్ ఉంది కాబట్టి ఆ పని కుదిరింది.
>
> 2011 జనగణన ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్లు. తెలంగాణ ప్రాంతంలో 10 లక్షలకు పైనే.

పింఛన్ దగ్గరే ఆగిన చూపు

రాష్ట్రం వచ్చాక 2014లో దివ్యాంగుల పింఛన్ రూ.1,500 అయింది. 2019లో రూ.3,016, 2023లో రూ.4,016. ఆరు వేలు చేస్తామన్నది 2023 ఎన్నికల హామీ. ఆ డబ్బు విలువ తక్కువ చేసి మాట్లాడితే పాపం తగులుతుంది. మందుల దుకాణం బాకీ తీరేది దానితోనే. అయినా ఒక లెక్క వేయండి. జమ్మికుంట దగ్గరి పల్లె నుంచి మంచం దిగలేని మనిషిని కరీంనగర్ పెద్దాసుపత్రికి తీసుకుపోవాలంటే ఆర్టీసీ బస్సు పనికిరాదు, దాని మెట్లు దవాఖాన మెట్ల కన్నా ఎత్తు. ఆటోనో కారో మాట్లాడుకోవాలి. తోడుగా పోయే మనిషి ఆ రోజు కూలి వదులుకోవాలి. రెండుసార్లు పోతే నెల పింఛన్‌లో మిగిలేది ఏముంటుంది? దవాఖాన దగ్గరికి రాకపోతే పింఛన్ పెంపు దారిఖర్చుకే పోతుంది.

అసలు వైకల్య సర్టిఫికెట్ల తతంగమే ఒక ప్రయాణం. స్లాట్ పట్టుకుని జిల్లా కేంద్రంలో శిబిరానికి పోయి, కనీసం నలభై శాతం వైకల్యం ఉందని తేల్చుకుంటే తప్ప పింఛన్ రాదు. ఇంత శ్రమపడి డాక్టర్లే పరీక్షించి రాసిన వివరం, ఊరి పీహెచ్‌సీకి మాత్రం చేరదు. పింఛన్ ఒక శాఖ, వైద్యం ఇంకో శాఖ. ఎవరి కంప్యూటర్ వారిది.

> ఎవరిని అడగాలి?
>
> దవాఖానలో ఈ హక్కులు దక్కకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయవచ్చు.
>
> ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ 'నిరామయ' బీమా ఉంది. ఏడాదికి రూ.లక్ష దాకా. ఫిజియోథెరపీ లాంటి ఖర్చులకూ వర్తిస్తుంది.
>
> దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) దేశమంతా చెల్లుతుంది. దవాఖానలో ముందు చూడమని అడగడానికి అది చూపవచ్చు.

గడి ఉంటే రాస్తారు

కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. గర్భిణులను పరీక్షకు తీసుకుపోయి మళ్లీ ఇంటి దగ్గర దింపే 102 బండి ఉంది. మంచం పట్టిన కాన్సర్ రోగుల ఇళ్లకు పోయే 'ఆలన' వాహనాలు రాష్ట్రంలో తిరుగుతున్నాయి. పల్స్ పోలియో బృందాలైతే ఇంకా ముదిరినవాళ్లు. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద 'పి' అని, ఎవరైనా మిగిలిన ఇంటి మీద 'ఎక్స్' అని సుద్దతో రాస్తారు. ఎక్స్ ఉన్న ఇంటికి మళ్లీ వస్తారు. పోలియో దేశం వదిలిపోయింది ఆ సుద్దముక్క పట్టుదలతోనే. అయిదేళ్ల లోపు పిల్లకు దక్కిన ఆ రెండో రాక, అదే ఇంట్లో పోలియోతో కాలు పోయిన మేనమామకు ఎందుకు దక్కకూడదు?

మండల పరిషత్‌లోనూ మున్సిపాలిటీలోనూ ఉన్న పింఛన్ జాబితా ఒక ప్రతి పీహెచ్‌సీకి ఇస్తే సగం పని అయినట్టే. పేరు పక్కన నాలుగు ముక్కలు చాలు. నడవగలరా, వినగలరా, వీల్‌చైర్ కావాలా, తీసుకొచ్చే మనిషి ఉన్నారా. మళ్లీ ఏ జబ్బు వచ్చినా, ఏ టీకా వచ్చినా ఎవరింటికి పోవాలో మొదటి రోజే తెలుస్తుంది.

ఆశా కార్యకర్త సంచిలో రిజిస్టర్లకు కొదవలేదు. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు, బీపీ, షుగర్, టీబీ. ఊళ్లో దవాఖానకు రాలేని వాళ్లెవరని ఒక ఆశా కార్యకర్తను అడిగితే, రిజిస్టర్ తెరవకుండానే వేళ్లు మడుస్తూ ఇంటి పేర్లతో సహా చెప్పుకుపోయింది. ఇది రాసిపెట్టారా అంటే, "గడి లేదు సార్, ఎక్కడ రాయాలె?" అంది. గడి పెడితేనో? కాసేపు ఆలోచించింది.

"రాస్తం సార్. ఒక్క గడి ఎక్కువైతె మాకేం బరువు కాదు. కాని రాసినంక బండి పంపాలె. పేరు రాసుకపోయి బండి పంపకుంటె ఊళ్లె మమ్ములనే తిడుతరు."